ఒంటిచేతి సంచీ

పసిపిల్లతో బయటికి వచ్చిన మనిషి సంచీ ఒక్కసారి చూస్తే చాలు, ఆ ఇంట్లో పని చేసేదెవరో, సలహాలు చెప్పేదెవరో తెలిసిపోతుంది. సలహాలు చెప్పేవాళ్ళు సర్దిన సంచీ ఎప్పుడూ పెద్దదే. పైన బొమ్మలు, అడుగున బొమ్మలు, నడుమ ఎక్కడో నలిగిపోయిన ఒకే ఒక్క డైపరు. పిల్ల గుక్కపట్టగానే దాన్ని ఎదుటివాళ్ళ సోఫా మీద బోర్లించి, పెంటకుప్పలో కోడిలా కెలుకుతారు. కావలసింది దొరకదు. దొరికేలోగా పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోతుంది. "చూశారా, అదే పడుకుంది" అంటారు.

ఈమధ్య మా వీధి చివర పార్కులో ఒక కుర్ర తండ్రి కనబడ్డాడు. వీపున నల్లటి సంచీ, దానికి లెక్కలేనన్ని అరలు, జిప్పులు, కొక్కేలు. పాలసీసా పక్క జేబులో మూత లేకుండా ఎండకి కాగుతోంది. పిల్లాడు ఏడుస్తుంటే, తన రెండు చేతులూ ఖాళీ చేసుకోవడానికి వాణ్ణి గడ్డి మీద పడుకోబెట్టి జిప్పులన్నీ వరసగా తెరిచాడు. ఆ సంచీ కుట్టినవాడు బుర్ర పెట్టాడు, కొన్నవాడు డబ్బు పెట్టాడు. బుర్ర సంచీతో పాటు అమ్మరు. నన్ను అడిగితే చెప్పేవాణ్ణి. అడగలేదు. ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. రాసుకుంటూ ఉంటే, ఎప్పుడో డెబ్బైల చివర నా సొంత సంచీ ఒక శనివారం సాయంత్రం ఏ గతి పట్టిందో గుర్తొచ్చింది. ఆ సంగతి మా ఇంట్లో చాలాసార్లు చెప్పుకున్నదే. రాయడం ఇదే మొదలు.

అప్పుడు మేం అమెరికాలో, ఇల్లినాయిస్ రాష్ట్రంలోని షామ్‌బర్గ్‌లో ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. నా భార్య నర్సు. ఆమె ఉద్యోగం వల్లనే మేం ఈ దేశంలో కాలు పెట్టాం. ముందు ఆమె వచ్చింది, తర్వాత నేను వచ్చి బోల్టులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ పనికి కుదిరాను. మర సరిగ్గా పడిన బోల్టుని పెట్టెలో వేయడం, పడనిదాన్ని పక్కకి తోసేయడం నా పని. ఆ అలవాటు నాకు మనుషుల విషయంలో కూడా వచ్చేసిందని నా భార్య అనేది. బోల్టులే నయం, పక్కకి తోసేస్తే మళ్ళీ వచ్చి సలహా చెప్పవని నేననేవాణ్ణి.

మా తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చి నేలమాళిగని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకొనేది. శనివారం సాయంత్రాలు వంతుల వారీగా ఇళ్ళలో గృహప్రార్థన. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు. సగం ఇళ్ళలో ఆడవాళ్ళు ఒకే ఆస్పత్రిలో నర్సులు. మిగతా సగంలో మగవాళ్ళు ఇంజినీర్లు, ఆడవాళ్ళు ఇంటి దగ్గర. ఈ రెండో సగం వాళ్ళకి మొదటి సగం వాళ్ళ జీతాలంటే గౌరవం, మొగుళ్ళంటే జాలి. నన్ను ఎదురుగా "బ్రదర్" అనేవారు. నేను పైకి మెట్లెక్కగానే "నర్సు మొగుడు" అనేవారు. మెట్లు చెక్కవి, మాట బాగానే వినబడేది.

నా భార్యది వారాంతాల్లో సాయంత్రం షిఫ్టు. ఆ రెండు రోజులూ మా పసిపాప నాది. సరుకులకి, బట్టలుతికే దుకాణానికి, ప్రార్థనకి, ఎక్కడికైనా ఎడమ భుజం మీద పాప, కుడి భుజానికి సంచీ. సరుకుల దుకాణంలో డబ్బు తీసుకునే ఆవిడ ప్రతిసారీ నవ్వుతూ, "ఇవాళ అమ్మకి సెలవిచ్చావా?" అని అడిగేది. అమ్మ డ్యూటీలో ఉందని చెప్పినా ఆవిడకి ఎక్కేది కాదు, వచ్చేవారం మళ్ళీ అడిగేది. ఆ రోజుల్లో మాల్‌లో పిల్లలకి బట్ట మార్చే బల్ల ఉంటే ఆడవాళ్ళ గదిలో ఉండేది. మగవాళ్ళ గదిలో జుట్టు దువ్వుకోవడానికి అద్దం ఉండేది. మగవాడి చేతికి తడి డైపరు రావచ్చన్న ఊహ ఇంత పెద్ద దేశంలో ఒక్కడికీ తట్టలేదు. చంద్రుడి మీద దిగాలని మాత్రం తట్టింది.

అందువల్ల నేను కారు వెనకసీట్లో బట్ట మార్చడం నేర్చుకున్నాను. చలికాలం, ఇంజను ఆన్‌లో ఉంచి, ఒక మోకాలు సీటు మీద, ఒక కాలు మంచులో. ఎడమ చెయ్యి పిల్ల పొట్ట మీదే ఉండాలి, తీస్తే దొర్లిపోతుంది. మిగిలింది కుడిచెయ్యి. ఒంటిచేత్తో తీయలేనిది సంచీలో ఉన్నా లేనట్టేనని నాకు అక్కడ అర్థమైంది. తర్వాత నేను చేసిందంతా ఆ ఒక్క ముక్కకి వ్యాఖ్యానమే.

సంచీని సైన్యంవాళ్ళ పాత సామాన్లు అమ్మే దుకాణంలో కొన్నాను. ముదురు ఆకుపచ్చ కేన్వాసు, వెడల్పు నోరు, పైన ఒక్కటే బొత్తం. లోపల మూడు అరలు నేనే కుట్టాను. ఎడమ అరలో పొడివి: మడత పెట్టిన బట్ట డైపర్లు, ప్లాస్టిక్ నిక్కర్లు, ఒక గౌను, మేజోళ్ళు. కుడి అరలో తడివి పడేయడానికి ఖాళీ బ్రెడ్డు కవర్లు. నడిమి అరలో పాలు. పాలంటే కలిపినవి కావు, కలిపితే ఎక్కువసేపు నిలవవు. ఎండబెట్టిన సీసాల్లో కొలిచిన పాలపొడి మాత్రం వేసి, మూత బిగించి పెట్టేవాణ్ణి. కాచిన నీళ్ళు ఫ్లాస్కులో గోరువెచ్చగా విడిగా ఉండేవి. ఆకలైనప్పుడు ఒక సీసాలో నీళ్ళు పోసి ఊపితే సరి. మిగతా సీసాలు పొడిగా ఉంటాయి కాబట్టి పాడవవు. డైపరు పిన్నీసుల్ని ఒక సబ్బుముక్కలో గుచ్చి పెట్టేవాణ్ణి. సబ్బు అంటిన పిన్ను మందపాటి బట్టలోకి నున్నగా దిగుతుంది, వేలికి గుచ్చుకోదు, విడిగా పడి పోదు. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. పొడి పిన్నుతో ఒకసారి కుస్తీ పట్టినవాడికి పుస్తకం అక్కర్లేదు.

ఈ సంచీని చూసి మా సంఘంలో నవ్వనివాడు లేడు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఒక కుర్ర ఇంజినీరు. అతనికీ మా పాప ఈడు కొడుకున్నాడు. అతని భార్య ఆ పిల్లాణ్ణీ, ఒక కిరాణా కవరులో ఒక డైపరునీ పట్టుకుని వచ్చేది. అతను చేతులూపుకుంటూ వచ్చేవాడు.

"ఏ బోర్డర్‌కి బ్రదర్ ప్రయాణం?" అనేవాడు నన్ను చూడగానే. "గన్ ఏ అరలో పెట్టారు?"

"గన్ లేదు. మీ వాడికి డైపర్ కావాలంటే ఎడమ అరలో ఉంది" అనేవాణ్ణి.

కావలసి వచ్చేది. ప్రతివారం వచ్చేది. ఇచ్చేవాణ్ణి. తీసుకుంటూ కూడా నవ్వేవాడు.

ఆ శీతాకాలంలో నా భార్యకి ఆస్పత్రిలో ఒక అవకాశం వచ్చింది. సాయంత్రం షిఫ్టుకి వార్డు మొత్తం చూసుకునే చార్జి నర్సు పోస్టు. ఆమె కంటే ముందు చేరిన అమెరికన్ నర్సులుండగా సూపర్‌వైజరు ఆమెని పిలిచి అడిగింది. సోమవారం లోపు జవాబు చెప్పాలి. ఒప్పుకుంటే వారాంతాలే కాదు, దాదాపు అన్ని సాయంత్రాలూ పాప నా చేతిలోనే. ఆమెకి ఆ పని చేయాలని ఎంత ఉందో నాకు తెలుసు. ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూడా ఎవరికి ఏ డ్యూటీ వేస్తే వార్డు బాగుపడుతుందో చెప్పుకునేది.

అడ్డం ఒక్కటే. మా సంఘ పెద్దగారి భార్య. మేమందరం ఆవిణ్ణి అక్కగారనేవాళ్ళం. ఆవిడ రోజూ ఫోన్ చేసేది. పాప దిగులుగా ఉందనేది. ఆదివారం కళ్ళు లోపలికి పోయినట్టు కనబడ్డాయనేది. మగవాడి చేతిలో పెరిగిన పిల్లకి పాలు ఒంటబట్టవనేది. ఇవన్నీ ప్రేమతోనే అనేది. ప్రేమతో అన్న మాటని తిప్పికొట్టడానికి మన భాషలో మర్యాద మాట ఒక్కటీ లేదు.

"మీరు చూసుకోగలరని నాకు తెలుసండీ" అంది నా భార్య ఒకరోజు, యూనిఫామ్ ఇస్త్రీ చేస్తూ. "కానీ ఆవిడ ఫోన్ పెట్టేశాక వార్డుకి వెళ్తే నా చేతులు నిలవట్లేదు. ఇంజక్షన్ ఇచ్చే చేతులవి."

"పాప చిక్కిందో లేదో తూకం వేద్దాం. డాక్టర్ దగ్గర కాటా ఉంది కదా."

"తూకాలు నాకొద్దు. ఈ శనివారం ప్రార్థన అక్కగారింట్లోనే కదా. మీరొక్కరే తీసుకెళ్ళండి. అక్కణ్ణుంచి నాకు వార్డుకి ఫోన్ రాకపోతే సోమవారం యెస్ చెప్తాను. వస్తే నో. ఇంక దీని గురించి ఆర్గ్యూ చెయ్యొద్దు."

నేను ఆర్గ్యూ చేయలేదు. సంచీ సర్దాను.

గృహప్రార్థనకి సంచీ సర్దడంలో ఒక మెలకువ ఉంది. పిలిచిన టైము చూసి సర్దకూడదు. ప్రార్థన ఎవరు చేస్తారో చూసి సర్దాలి. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, క్లుప్తంగా ముగించేవారు. పెద్దగారు అలా కాదు. ఆయన ఊళ్ళో వర్షాలతో మొదలుపెట్టి, ప్రపంచ నాయకుల మీదుగా, మా అందరి వీసాల దాకా వచ్చేవారు. ఆయన ప్రార్థనలో దేవుడికి తెలియని సమాచారం చాలా ఉండేది. "ఒక్క మాట చెప్పి ముగిస్తాను ప్రభువా" అన్నారంటే ఇంకో సీసా పాలు కావాలన్నమాట. ఆ లెక్కన సీసాలు పెట్టుకున్నాను.

పెద్దగారింటికి చేరేసరికి చీకటిపడింది. గుమ్మం బయట బూట్ల గుట్ట, లోపల పడకగదిలో మంచం మీద కోట్ల గుట్ట. నేను గుమ్మంలో వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాను. తల ఎత్తేసరికి భుజం మీద పాప లేదు. బూటు పక్కన పెట్టేసరికి సంచీ లేదు.

"నువ్వెళ్ళి మగాళ్ళతో కూర్చో తమ్ముడూ" అంది అక్కగారు, రెంటినీ ఎత్తుకుని వంటింటి వైపు వెళ్ళిపోతూ. "ఈ రెండు గంటలైనా పిల్ల ఆడచేతుల్లో ఉంటుంది."

"అక్కగారూ, సంచీ మాత్రం నా దగ్గర ఉండనివ్వండి."

"ఏం, అందులో ఏమైనా నగలున్నాయా?"

వంటింట్లోంచి నవ్వులు. హాల్లో కుర్ర ఇంజినీరు నా కోసం చోటు చేసి, "రండి బ్రదర్, ఆయుధాలు సరెండర్ చేసేశారుగా" అన్నాడు.

కూర్చున్నాను. పాటలయ్యాయి. అయ్యగారు వాక్యం చెప్పి, నిజంగానే క్లుప్తంగా ముగించి టీ తాగుతూ కూర్చున్నారు. పెద్దగారు లేచి కళ్ళు మూసుకున్నారు. ఊళ్ళో వర్షాలు మొదలయ్యాయి. కాసేపటికి వంటింట్లో మా పాప గొంతు వినబడింది. ఆకలి ఏడుపు నాకు తెలుసు, నిద్ర ఏడుపు తెలుసు. ఇది రెండూ కాదు. ఒంట్లోంచి ఆవిరి పోవడానికి దారి లేనట్టు ఏడుస్తోంది. అందరూ తలలు వంచి ఉన్నారు. పెద్దగారు కళ్ళు తెరవకుండానే గొంతు పెంచారు. ఆయన పెంచినకొద్దీ పాపా పెంచింది. ఆయన ఏదో దేశాధ్యక్షుడి దగ్గర ఉండగా నేను లేచాను. ప్రార్థన మధ్యలో లేవడం మా సంఘంలో లేదు. కుర్ర ఇంజినీరు ఒక కన్ను తెరిచి చూశాడు.

వంటింట్లో పాప చేతులు మారుతోంది. ఒకావిడ వాము అంటోంది, ఒకావిడ గ్రైప్ వాటర్ అంటోంది. దిష్టి మీద మాకు నమ్మకం లేదు, కానీ ఎందుకైనా మంచిదని ఒకావిడ ఉప్పు డబ్బా తీసింది. మా పాపని చూశాను. ముఖం తప్ప ఏమీ కనబడటం లేదు. చెవుల మీదికి ఉన్ని టోపీ. ఒక స్వెట్టరు మీద ఇంకో స్వెట్టరు. దాని మీద దుప్పటి చుట్టి, దుప్పటి కొస మెడ కింద దోపారు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో పలావు ఉడుకుతోంది, కింద హీటరు గుయ్యిమంటోంది. ఒట్టి చీరా జాకెట్లతోనే ఆడవాళ్ళందరూ ఉక్కకి విసురుకుంటున్నారు. బయట మంచు కురుస్తోంది కాబట్టి పసిపిల్లకి చలి వేసి తీరాలని వాళ్ళ లెక్క. ఈ లెక్క నేను కృష్ణా జిల్లాలో చూశాను, ఇల్లినాయిస్‌లోనూ చూశాను. పిల్లకి చెమట పట్టిందా అని వేలు పెట్టి చూసినవాళ్ళని ఎక్కడా చూడలేదు.

"ఇటివ్వండి" అన్నాను.

"ఉండు తమ్ముడూ, పాలు కూడా తాగట్లేదు. నీ వల్ల కాదు."

తీసుకున్నాను. టోపీ లాగేశాను, దుప్పటి కిందపడేశాను. పాప మెడ వెనక తడి బట్ట పిండినట్టుంది. నడుం కింద కూడా తడే. సంచీ కోసం చూశాను. కుర్చీ మీద ఉంది, చదునుగా, గాలి తీసేసిన బుడగలా.

"సంచీలోవి ఏవి అక్కగారూ?"

"అన్నీ సర్దేశాను" అంది ఆవిడ గర్వంగా. "అలా కుక్కి పెడతారా ఎవరైనా? పాలు మూడు సీసాలూ కలిపేసి ఫ్రిజ్‌లో పెట్టాను. నీకు మళ్ళీ మళ్ళీ కలుపుకునే పని లేకుండా."

"ఫ్లాస్కులో నీళ్ళు?"

"వాటితోనేగా కలిపింది. మిగిలినవి అయ్యగారి టీకి పోశాను. కాచిన నీళ్ళేగా."

"సబ్బు?"

"బాత్‌రూమ్‌లో పెట్టాను. దానికి పిన్నులెవరు గుచ్చారో గానీ, తీసి నా కుట్టుపెట్టెలో వేశాను. పిల్లలున్న ఇల్లు."

"గౌను?"

ఆవిడ చెప్పేలోగానే కనబడింది. కుర్ర ఇంజినీరు కొడుకు అతని భార్య ఒళ్ళో మా పాప గులాబీ గౌను వేసుకుని, చేతిలో మా పాప మేజోడు చప్పరిస్తూ సంతోషంగా ఉన్నాడు. "వీడు తడిపేసుకున్నాడు అన్నయ్యగారూ, మా దగ్గర స్పేర్ లేదు" అందా అమ్మాయి. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. ఖాళీ చేతులతో హాల్లో కూర్చున్నవాడి మీద వచ్చింది.

నెలల తరబడి ఆలోచించి, కుట్టి, కారు సీటు మీద వణుకుతూ దిద్దుకున్న పద్ధతిని ఒక మంచి మనిషి ఒక పాట పాడే వ్యవధిలో ఇల్లంతా చల్లేసింది. దొంగ వచ్చినా సంచీ మొత్తం ఎత్తుకుపోయేవాడు, వెతికే బాధ ఉండేది కాదు.

పాప మళ్ళీ గుక్కపట్టింది. అక్కగారు నిట్టూర్చి, గోడకున్న ఫోన్ అందుకుంది.

"ఎవరికి?" అన్నాను.

"దాని అమ్మకి. తల్లి వస్తే తప్ప ఇది ఆగదు. పర్మిషన్ తీసుకుని వచ్చేస్తుంది. నువ్వు మొహమాటపడకు."

ఆ ఆస్పత్రి నంబరు మా సంఘంలో అందరికీ నోటికొచ్చు. ఆవిడ తిప్పుతోంది. ఒక్కొక్క అంకెకి ఆ డయలు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చే కిరకిర చప్పుడు. వద్దని అనవచ్చు. అంటే వద్దన్నానని కూడా ఆ ఫోన్‌లోనే చెప్తుంది. నాకు ఒకే ఒక్క చెయ్యి ఖాళీ ఉంది. దానితో ఫోన్ లాక్కోవాలా, పిల్లని చూడాలా? పిల్లని చూశాను.

బల్ల మీద పడుకోబెట్టి ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టాను. రెండు స్వెట్టర్లూ లాగేశాను. తడి డైపరు విప్పేశాను. ఎడమ అరలో పొడి డైపరు ఒక్కటి ఆవిడ కంటబడక మిగిలింది. పిన్నులు లేవు. కొసలు ముడివేశాను. పాప కాళ్ళు రెండూ పైకెత్తి, పెద్ద శ్వాస తీసింది. భుజానికెత్తుకుని ఫ్రిజ్ తీశాను. మూడు సీసాలూ సైనికుల్లా నిలబడి ఉన్నాయి, మంచుముద్దలు. ఒకటి తీసి సింకులో వేడినీళ్ళ కుళాయి కింద పట్టాను. సింకు పక్కనే ఫోన్. నా మోచేతికీ అక్కగారి మోచేతికీ జానెడు దూరం.

"హలో, ఫోర్త్ ఫ్లోర్ ప్లీజ్" అంటోందావిడ. నా భార్య పేరు చెప్పింది. ఆగింది. ఆ ఆగినంత సేపూ నేను సీసాని తిప్పుతూ, మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తూ ఉన్నాను. చల్లన. ఇంకా చల్లన. పర్వాలేదు. పాప నోటికి అందించాను. ఒకసారి తల తిప్పేసింది. రెండోసారి అందుకుంది.

"అమ్మా, నేనేనమ్మా" అంది అక్కగారు ఫోన్‌లో. "కంగారుపడకు. పాప ఒకటే ఏడుపు. పాలు ముట్టట్లేదు. తమ్ముడి వల్ల కావట్లేదు, నువ్వు వచ్చేయ్."

అటునుంచి ఏదో అడిగింది నా భార్య.

"ఏడుపా? ఇప్పుడు వినబడదులే. ఇందాక ఏడ్చింది." అక్కగారు నా వైపు చూసి గొంతు తగ్గించింది. "తాగుతోంది. ఇప్పుడే మొదలెట్టింది."

మళ్ళీ ప్రశ్న.

"తమ్ముడే పడుతున్నాడు. ... పాలు నేనే కలిపానమ్మా. ... మూడూ. ... ఫ్రిజ్‌లో పెట్టాను."

మళ్ళీ.

"ఫ్లాస్కులో నీళ్ళు అయ్యగారి టీకి... కొంచెమేలే. ... టోపీ పెట్టొద్దూ మరి, ఎంత చలి. ... రెండు. ఒక స్వెట్టరు మా చిన్నదానిది, పెద్ద సైజు. ... లేదు, బయట కాదు, వంటింట్లోనే. ... హీటర్ ఉంటే మాత్రం?"

ఆస్పత్రిలో షిఫ్టు మారేటప్పుడు ఒక నర్సు దగ్గర ఇంకో నర్సు రోగి సంగతులు ఒక్కొక్కటే రాబట్టుకుంటుంది. ఏమిచ్చారు, ఎంతిచ్చారు, ఎవరిచ్చారు. నా భార్య అలా అడుగుతున్నట్టు నాకు ఇవతలి జవాబుల్ని బట్టి తెలుస్తోంది. అక్కగారి జవాబులు చిన్నవవుతున్నాయి. మా సంఘంలో ఆవిణ్ణి ప్రశ్నలడిగిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. వాము, గ్రైప్ వాటర్, ఉప్పు డబ్బా అన్నీ ఫోన్ వైపు తిరిగి నిలబడ్డాయి.

"నిన్ను ఇమ్మంటోంది" అంది అక్కగారు, రిసీవరు నా వైపు చాచి.

నాకు చెయ్యి లేదు. ఎడమచేతిలో పాప, కుడిచేతిలో సీసా. ఆవిడే నా చెవికి ఆనించి పట్టుకుంది. పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఎంత తాగింది?" అంది నా భార్య.

"సగం."

"ఒళ్ళు?"

"వేడి లేదు. గాలి తగిలాక మామూలైంది."

"సంచీ?"

"ఇంట్లో అన్ని గదుల్లోనూ ఉంది."

నాకు సోమవారం కళ్ళముందు మెదిలింది. ఫోన్ వెళ్ళింది. మాట మాటే. వాదించవద్దని ముందే చెప్పింది.

"మా సూపర్‌వైజర్ ఇక్కడే డెస్క్ దగ్గర ఉంది" అంది. "ఇప్పుడే చెప్పేస్తున్నా."

"ఏమని?"

"ఏమనేంటి. యెస్ అని. ఏడిపించింది మీరు కాదుగా. సోమవారం దాకా ఆగితే ఈవిడ మళ్ళీ ఫోన్ చేస్తుంది. నాలుగో బెడ్ పిలుస్తోంది, పెట్టేస్తున్నా."

పెట్టేసింది. అక్కగారు రిసీవరు నా చెవి దగ్గరే ఇంకాసేపు పట్టుకుని, తర్వాత గోడకి తగిలించింది.

"బయల్దేరిందా?" అని అడిగింది.

"లేదు అక్కగారూ. సాయంత్రం చార్జి నర్సుగా ఒప్పుకుంది. ఇకనుంచి సాయంత్రాలు పాప నాతోనే ఉంటుంది."

"నేను మీ మంచికే చేశాను తమ్ముడూ."

"తెలుసు."

అంతకుమించి అనడానికి నాకు మాటలున్నాయి. ఆవిడ ముఖం చూస్తే అనబుద్ధి కాలేదు. ఎప్పుడూ ఎవరూ ప్రశ్నించని మనిషి మొదటిసారి పరీక్ష రాసి వచ్చినట్టుంది. ఆవిడ ఒక గిన్నె తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. హాల్లో పెద్దగారు ఒక్క మాట చెప్పి ముగిస్తానని మొదలుపెట్టారు. పాప రెండు కళ్ళూ మూసి, సీసా మాత్రం వదలకుండా తాగుతోంది.

"వార్డుకి ఇక ఫోన్ చేయకండి" అన్నాను. "పాప గురించి ఏదైనా అడగాలంటే నన్నడగండి. ఇక్కడే ఉంటాను."

ఆవిడ తల ఊపింది. నా వైపు చూడకుండా, "మిగతా రెండు సీసాలూ ఏం చెయ్యమంటావు?" అని అడిగింది.

"పారబోయండి" అన్నాను.